అర మాత్ర

మా కోనలో ఆకురాలు కాలం వచ్చి చెట్లు ఎర్రబడటం మొదలైన వారమే నాకు క్లినిక్‌లో సొంత గది ఇచ్చారు. తలుపు మీద పేరు కూడా పెట్టారు: మార్లా స్టిడమ్, నర్స్ ప్రాక్టీషనర్. తొమ్మిదేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరుగుతూ, ఆ పని మానకుండానే చదివి, పరీక్ష గట్టెక్కి సంపాదించుకున్న పేరు అది. డాక్టర్లు వచ్చినా నిలవని మా బొగ్గు కొండల్లో రోగిని చూడటం, మందు రాయడం, రాసినదానికి జవాబు చెప్పుకోవడం అన్నీ చాలావరకు మాలాంటి వాళ్ళ మీదే పడతాయి. పరీక్ష గట్టెక్కినంత మాత్రాన చెయ్యి తిరగదు కాబట్టి మొదటి ఏడాది శిక్షణలో ఉంచుతారు. ఆ ఏడాదంతా పక్కన ఒక పెద్ద దిక్కు ఉంటుంది.

నాకు దొరికిన పెద్ద దిక్కు జోయన్ విట్లాక్. బోస్టన్ నుంచి నాలుగేళ్ళ కిందట వచ్చింది. గట్టిగా మాట్లాడేది కాదు, ఎవరినీ చిన్నబుచ్చేది కాదు. ఆవిడ ముందు నాకు మా యాస కూడా కొంచెం సర్దుకుని మాట్లాడాలనిపించేది.

శిక్షణలో మేము ఆరుగురం. గురువారాలు అందరం ఒకచోట కూర్చుని పాఠం వినేవాళ్ళం. మొదటి గురువారమే జోయన్ తెర మీద ఒక బొమ్మ చూపించి, మన దగ్గరికి వచ్చేవాళ్ళలో మందు సీసా మీద రాసింది చదవలేని పెద్దవాళ్ళు మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ అంది. సిన్సినాటి నగరం నుంచి శిక్షణకు వచ్చిన అమ్మాయి "అయ్యో పాపం" అని నా వైపు తిరిగింది.

"మార్లా, నువ్వు ఇక్కడిదానివే కదా. నిజంగా అంతమంది ఉన్నారా?"

"పై కోనల్లో ఉంటారేమో," అన్నాను. "మా ఇంట్లో అయితే అందరూ చదువుకున్నవాళ్ళే."

మా ఇంట్లో ఉండేది నాన్నా నేనూ. మా నాన్న హార్లిస్ స్టిడమ్ ముప్పై ఒక్క ఏళ్ళు గనిలో పని చేశాడు. పైకప్పు ఎక్కడ కూలబోతుందో చప్పుడు విని చెప్పగలిగేవాడు. ఆయనకు తన పేరులోని అక్షరాలు తప్ప ఇంకేవీ తెలియవు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ చదివిపెట్టేది. అమ్మ పోయాక ఆ పని నాకు వచ్చింది. అయితే చదివిపెట్టడం అని మేము ఎప్పుడూ అనలేదు. గనివాళ్ళ సంఘం నుంచి ఉత్తరం వస్తే నేను విప్పి, "చూడు నాన్నా, వీళ్ళు మళ్ళీ ఏం రాశారో" అని విసుక్కుంటున్నట్టు మొత్తం పైకి చదివేదాన్ని. ఆయన "వాళ్ళ మొహం" అనేవాడు. ముప్పై రెండేళ్ళ నా బతుకులో ఆ ఇంట్లో ఆ సంగతిని పేరు పెట్టి ఎవరూ అనలేదు.

డెల్మర్ కాడిల్ వచ్చింది అక్టోబరు రెండో మంగళవారం.

ఆయన నాన్నతో ఒకే జట్టులో బొగ్గు తవ్విన మనిషి. మా ఇంటికి రెండు మలుపుల అవతల గ్యారేజీ పెట్టుకుని గడ్డి కోసే యంత్రాలు, చెట్లు కోసే రంపాలు బాగుచేసేవాడు. చిన్నప్పటినుంచీ నాకు బాబాయే. గుండెలో చెడిపోయిన కవాటం తీసి లోహపుది పెట్టి ఆరేళ్ళయింది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. మాత్ర తగ్గితే గడ్డకడుతుంది, ఎక్కువైతే లోపల ఎక్కడో చిట్లి కారుతుంది. అందుకని వేలు మీద పొడిచి రక్తం ఎంత పలచగా ఉందో తరచు చూస్తూ ఉండాలి.

"ఏందమ్మాయ్, తెల్లకోటు తొడిగేసరికి మనిషివే మారిపోయావే," అంటూ లోపలికి వచ్చాడు. "నా గ్రీజు డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి మీ అమ్మ చేత తన్నులు తిన్న పిల్లవి నువ్వేనా?"

మూలన కుర్చీలో జోయన్ నా పని పరిశీలించే కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మాటకు ఆవిడ నవ్వింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

"కూర్చో బాబాయ్. ఎలా ఉంది ఒంట్లో?"

"నాకేం, గడియారంలాగా ఉన్నా. చర్చిలో నేను కూర్చుంటే పక్కోళ్ళు టైము అడగరు, నా గుండె టిక్కుటిక్కు వింటే చాలు." తరవాత కొంచెం ఆగి, "ఓపల్ పోయాక వేళకి తినడమే కుదరడంలేదు," అన్నాడు.

ఓపల్ ఆయన భార్య. ఏప్రిల్‌లో పోయింది. అదివరకు క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. కాగితాలన్నీ ఆవిడే తీసుకుని తన సంచిలో పెట్టుకునేది.

వేలు పొడిచి చూశాను. పలచదనం చూపే అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాల్సింది నాలుగున్నర దాటింది. జోయన్ వైపు చూశాను. కానివ్వు అన్నట్టు తల ఊపింది.

"బాబాయ్, రక్తం కొంచెం ఎక్కువ పలచబడింది. ఈ రాత్రికి మాత్ర మానెయ్. రేపటినుంచి రోజూ ఒకటి, బుధవారం శనివారం మాత్రం అర. వచ్చే మంగళవారం మళ్ళీ రా, చూద్దాం. అన్నీ ఇందులో ఉన్నాయి," అని అచ్చుకొట్టిన కాగితం ఇచ్చాను. వారాల పేర్లు, గళ్ళు, గళ్ళలో అంకెలు. చక్కగా వచ్చింది.

ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. పైనుంచి కిందకి ఒక్కసారి కళ్ళు పారించాడు. నాలుగు మడతలు పెట్టాడు. చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద రెండుసార్లు తట్టాడు.

"తీరిగ్గా చూసుకుంటాలే," అన్నాడు.

జోయన్‌కు కనిపించింది కాగితాన్ని భద్రంగా దాచుకుంటున్న ఒక పెద్దాయన. నాకు కనిపించింది మా నాన్న. బ్యాంకులో, బడిలో, అమ్మ పోయినరోజు ఆసుపత్రిలో కూడా నాన్న అచ్చం అలాగే చేశాడు. అవే మడతలు, అవే రెండు తట్లు.

నాకు తెలిసిపోయింది. ఏ అనుమానమూ లేకుండా తెలిసిపోయింది. "అర్థమైందా బాబాయ్?" అన్నాను.

"ఎందుక్కాదు? బంగారంలాగా చెప్పావు."

ఆయన వెళ్ళాక జోయన్ తన కాగితం మీద ఏదో గీస్తూ అంది. "చాలా బాగా చేశావు మార్లా. ఒక్కటే. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. ఎలా వేసుకుంటారో ఆయన నోటితోనే చెప్పించు. కావాలంటే వెళ్ళి పిలువు, ఇంకా వెళ్ళలేదు."

కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. ట్రక్కు మూత ఎత్తి, పక్కబండి వాడికి ఏదో గొట్టం చూపిస్తున్నాడు. పిలిస్తే వస్తాడు. జోయన్ ముందు నిలబడి నీళ్ళు నములుతాడు. ఆవిడ అడుగుతుంది, ఆయన సంగతి బయటపడుతుంది. పరువుగల మనిషిని అలా నిలబెట్టడం ఎందుకు అనుకున్నాను. ఆయన పరువు కాపాడుతున్నానని ఆ క్షణంలో నిజంగానే నమ్మాను.

"అక్కర్లేదు," అన్నాను. "ఆయన చాలా జాగ్రత్తపరుడు. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు."

కంప్యూటర్‌లో ఆయన వివరాల కింద, రోగికి సూచనలు అర్థమయ్యాయి అని రాసి, పక్కన నా పేరు పెట్టాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం డెల్మర్ బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. నాన్న రంపం పళ్ళు సానబెట్టి తెచ్చాడు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. నేను మొక్కజొన్న రొట్టె అప్పుడే దించాను.

"ఈ రంపాన్ని నువ్వు చెట్టు కొయ్యడానికి వాడతన్నావా, రాళ్ళు కొయ్యడానికా?" అని నాన్నని అడిగాడు.

"నీకు పని లేకుండా పోతదని రాళ్ళే కోస్తన్నాలేరా," అన్నాడు నాన్న. "కూచో, తిందువు."

తిన్నారు. అప్పుడు డెల్మర్ బాబాయ్ చొక్కా జేబులోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. కాగితం తలకిందులుగా ఉంది.

"మీ క్లినిక్కోళ్ళు ఎంత బాగా అచ్చేశారో చూడు హార్లిస్," అన్నాడు. "గళ్ళు గళ్ళుగా."

నాన్న దాని వైపు చూశాడు. "బాగుంది," అన్నాడు.

ఇద్దరూ కాగితం వైపే చూస్తున్నారు. గది అంతా నాకోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది. నేను చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుని, వీళ్ళు ఏం రాశారో చూద్దాం అంటే సరిపోయేది. నాన్న కోసం వెయ్యిసార్లు ఆడిన నాటకమే అది. కానీ డెల్మర్ బాబాయ్ కోసం ఆడితే ఆయన సంగతి నాకు తెలుసునని ఒప్పుకున్నట్టు. ఆయన సంగతి తెలుసంటే ఆ బల్ల దగ్గరే కూర్చున్న నాన్న సంగతి కూడా అన్నట్టే. పైగా మంగళవారం పిలవకుండా వదిలేశానని నాకు నేను ఒప్పుకోవాలి.

"అంతా అందులోనే ఉంది బాబాయ్," అని గిన్నెలు తీశాను. "ఏదైనా అనుమానం ఉంటే క్లినిక్‌కి ఫోను చెయ్."

"అంతేలే," అన్నాడాయన. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాన్న నా వైపు ఒక్కసారి చూసి, రంపం తీసుకుని బయటకు వెళ్ళిపోయాడు.

మంగళవారం ఆయన క్లినిక్‌కి రాలేదు. ఎప్పుడు రావాలో కూడా ఆ కాగితంలోనే ఉంది. నేను నోటితో చెప్పాననుకోండి, చెప్పిన పది మాటల్లో అదొకటి. రెండుసార్లు ఫోను చేశాను. ఆ కోనలో ఫోను మోగితే మోగినట్టు, లేకపోతే లేదు. పై మంగళవారం కూడా రాలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు రోజూ ఆయన గ్యారేజీ ముందునుంచే వెళ్ళేదాన్ని. లోపల దీపం కనిపించేది. బండి ఆపలేదు. కంప్యూటర్‌లో మాత్రం, రాలేదు, చెప్పినట్టు నడుచుకునే మనిషి కాదు అని రాశాను.

నవంబరు మొదటి శుక్రవారం, క్లినిక్ ముందుబల్ల దగ్గర కూర్చునే వర్నా నా గదిలోకి తలుపు కొట్టకుండా వచ్చింది.

"మార్లా, మీ నాన్న ఫోన్లో ఉన్నాడు. డెల్మర్ కాడిల్ గ్యారేజీలో పడిపోయాడంట. నోట మాట రావడంలేదంట."

నేను వెళ్ళేసరికి బడి మైదానంలో ఆసుపత్రి హెలికాప్టర్ దిగింది. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. డెల్మర్ బాబాయ్‌ని మంచంతో సహా ఎక్కిస్తుంటే ఆయన ఎడమ చేయి గాలిలో దేన్నో వెతుకుతోంది. కుడి చేయి కదలడంలేదు.

మెదడులో రక్తం చిట్లిందని సాయంత్రం లెక్సింగ్టన్ ఆసుపత్రి నుంచి తెలిసింది. రక్తం నీళ్ళలాగా పలచబడి ఉందట. నాన్న ఆయన వంటగదిలోంచి మాత్రల సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. సీసాతోపాటు తెచ్చిన చిన్న పళ్ళెంలో విరిచిన అర మాత్రలు ఉన్నాయి, చక్కగా, గీత గీసినట్టు విరిచినవి. బుధవారం, శనివారం, అర. ఆయనకు ఆ మూడు మాటలూ బాగానే గుర్తున్నాయి. అయితే రోజూ వేసుకునే దాని మీద ఇంకో అర అనుకున్నాడని, మిగిలిన మాత్రలు లెక్కపెడితే తేలింది. మూడు వారాలకు పైగా, ఒక్క బుధవారమూ ఒక్క శనివారమూ తప్పకుండా, ఒకటిన్నర చొప్పున వేసుకున్నాడు. చెప్పినట్టు నడుచుకోని మనిషని నేను రాసింది ఈయన గురించే.

తరవాతి గురువారం పాఠంలో ఆ సంగతి నేనే చెప్పాలి. చెప్పాను. అంకెలు, తేదీలు, ఇచ్చిన మందు, కాగితం. పూర్తయ్యాక జోయన్ అందరికన్నా ముందు మాట్లాడింది.

"ఇది మార్లా ఒక్కదాని తప్పు కాదు. ఆ గదిలో నేనూ ఉన్నాను. మన కాగితమే సరిగా లేదు, చదవగలిగేవాళ్ళ కోసం చేసింది. ఆయన చదవలేడని మనకెలా తెలుస్తుంది?"

"ఆయనైనా చెప్పాలి కదా," అంది సిన్సినాటి అమ్మాయి. "పాపం, సిగ్గుపడి ఉంటాడు."

అందరూ నా వైపు జాలిగా చూశారు. ఒకరు భుజం మీద చెయ్యి వేశారు. నాకు తెలుసు అని ఒక్క మాట అంటే చాలు. "అవును," అన్నాను చివరికి. "చెప్పి ఉంటే బాగుండేది."

ఇంటికి వచ్చేసరికి నాన్న వరండాలో కూర్చుని ఎండిన చిక్కుడు కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని నేనూ ఒక గుప్పెడు తీసుకున్నాను. 

"నీకు తెలుసు గదా అమ్మడూ," అన్నాడు.

ఏది అని అడగలేదు. "తెలుసు," అన్నాను.

ఇంకో నాలుగు కాయలు ఒలిచాడు.

"ఆదివారం నేనూ అక్కడే కూచున్నా. వాడికి అది చదివి పెట్టమ్మా అని ఒక్క మాట అనుంటే అయిపోయేది. అంటే నా సంగతి నేనే చెప్పుకున్నట్టు అవుద్దని నోరు మూసుకున్నా."

"నాన్నా, నీ తప్పేం..."

"ఆగు. నువ్వు నన్ను చూసే నేర్చుకున్నావు." గింజలు గిన్నెలో పోశాడు. "మీ పెద్దావిడకి చెప్పావా?"

"లేదు."

నాన్న గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన తిడితే బాగుండునని చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

డెల్మర్ బాబాయ్ డిసెంబరు మొదటి వారంలో తిరిగి వచ్చాడు. ఒంటరిగా ఉండకూడదన్నారు. ఒహాయోలో ఉన్న చెల్లెలు తీసుకెళతానంటే ఆయన వెళ్ళనన్నాడు. నాన్న నన్ను అడగకుండానే ముందుగదిలో సోఫా తీసి మంచం వేశాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది. నడుస్తున్నాడు. కుడి చేయి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న వస్తువులాగా ఉండిపోయింది. స్క్రూడ్రైవర్ చేతిలో పెడితే జారిపోతోంది.

మరుసటి సోమవారం నాన్న ఆయన్ని క్లినిక్‌కి తీసుకొచ్చాడు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని రావడం చూసి ఆశ్చర్యపోయాను. గదిలో మేము నలుగురం. నేను వేలు పొడిచి చూశాను, జోయన్ మందు మోతాదు సరిచూసింది. అంతా అయ్యాక ఆవిడ కొత్త కాగితం తీసింది. ఈసారి దాని మీద మాత్రల బొమ్మలు కూడా వేయించింది. దాన్ని నాన్న వైపు చాపింది.

"స్టిడమ్ గారూ, ఇప్పుడు ఆయన మీ ఇంట్లోనే ఉంటున్నారు కదా. మీరొకసారి చదువుకుని, ఏమైనా తెలియకపోతే నన్ను అడగండి."

నాన్న కాగితం అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. మడతపెట్టబోయి ఆగాడు. ఆయన మెడ మీద ఎరుపు పాకి చెవులదాకా వెళ్ళడం చూశాను.

"చదవడం రాదమ్మా," అన్నాడు. "వాడికీ రాదు, నాకూ రాదు. మా ఇంట్లో చదివేది మా అమ్మాయి ఒక్కతే."

డెల్మర్ బాబాయ్ తల పైకెత్తి నాన్న వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు ఒకే సొరంగంలోకి దిగిన మనుషులు, ఒకరి సంగతి ఒకరికి తెలియదా అంటే తెలుసు. చెవితో వినడం మాత్రం అదే మొదటిసారి.

"ఒరే హార్లిస్," అన్నాడు మెల్లగా. "ఇంత పెద్ద నోరు ఎప్పుడొచ్చిందిరా నీకు?"

జోయన్ నా వైపు తిరిగింది. ఆవిడ మొహంలో కోపం లేదు. ఒక లెక్క తేలుతున్నప్పుడు ఉండే నిదానం ఉంది. మా ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళేనని మొదటి గురువారం నేను అన్న మాట ఆవిడకు గుర్తొచ్చిందని తెలుస్తూనే ఉంది.

"ఆ రోజే నాకు తెలుసు," అన్నాను. "ఆయన కాగితం మడిచినప్పుడే తెలుసు. కిటికీలోంచి చూస్తూ కూడా పిలవలేదు."

చెప్పాను కానీ, ఎలా చెప్పాను? డెబ్బై ఏళ్ళు దాచుకున్నదాన్ని నాన్న ముందుగా బయటపెడితే, ఆయన వెనక నిలబడి చెప్పాను. అది కూడా ఒప్పుకోవడమే అంటే అననివ్వండి. నేనైతే అనలేను.

"ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది మార్లా," అంది జోయన్. తరవాత కుర్చీ నాన్న పక్కకు లాక్కుని, బొమ్మల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పి, ఇద్దరి చేతా తిరిగి చెప్పించుకుంది.

డెల్మర్ బాబాయ్ వివరాల్లో నేను రాసిన రెండు వాక్యాలనూ నా పేరుతోనే తప్పని రాసి, జరిగింది కింద రాశాను. గురువారం అందరి ముందూ నిలబడి మా నాన్నకు చదవడం రాదని, అబద్ధం చెప్పానని అన్నాను. సిన్సినాటి అమ్మాయి ఈసారి అయ్యో పాపం అనలేదు. నా శిక్షణ ఇంకో నాలుగు నెలలు పొడిగించారు. అది శిక్ష కాదని జోయన్ అంది. శిక్ష అయితే కొంచెం హాయిగా ఉండేది.

ఆ వారాంతంలో, నాన్న చర్చికి వెళ్ళినప్పుడు, డెల్మర్ బాబాయ్ దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. ఆయన ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే చాపుకుంటున్నాడు, ఆసుపత్రివాళ్ళు నేర్పినట్టు.

"ఓపల్ పోయాక ఎవురో ఒకర్ని అడగాలని అనుకుంటానే ఉన్నా," అన్నాడు. "పాస్టరుని అడుగుదామంటే ఊరంతా చెప్తాడు. ఆఖరికి నిన్నే అడుగుదామనుకున్నా. రంపం తేవడానికి కాదు ఆ ఆదివారం వచ్చింది. దానికి సాన నేను ఎప్పుడో పెట్టేశా."

ఆయన చాపిన వేలు మళ్ళీ ముడుచుకుపోతే నేను పట్టుకున్నాను.

"అడగలా," అన్నాడు. "నీ మొహం చూసి, ఈ పిల్లకి ఇబ్బందిగా ఉందే అనుకున్నా." క్షమించానని గానీ, క్షమించనని గానీ అనలేదు. కొంచెం ఆగి, "చలిగా ఉంది, ఆ పొయ్యిలో ఇంకో దుంగ పెట్టు," అన్నాడు.

నాన్న క్లినిక్‌లో అన్న మాట కోన అంతా పాకింది. గదిలో మాట ముందుబల్లదాకా వినిపిస్తుంది, వర్నా విని ఊరుకునే మనిషి కాదు. నాన్న తలెత్తుకుని తిరగలేడేమోనని భయపడ్డాను. జరిగింది వేరు. క్రిస్మస్ ముందు వారం ఒక ముసలావిడ నా గదిలోకి వచ్చి, కూర్చోకముందే, "హార్లిస్‌కి చదివిపెట్టినట్టే నాక్కూడా చదివిపెట్టమ్మా," అంది. రెండు రోజులకు ఒక ట్రక్కు డ్రైవరు. తరవాత, నాతో ఒకే బడిలో చదివిన అతను, నా కళ్ళలోకి చూడకుండా. సంచుల్లోంచి, జేబుల్లోంచి, ఒకరైతే బూటు లోపల్నుంచి, ఏళ్ళ తరబడి మా క్లినిక్ ఇచ్చిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టేవాళ్ళు. ఒక్కొక్కటీ చదివాను. ఎలా వేసుకుంటారో వాళ్ళ నోటితోనే చెప్పించాను. వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. మంచి నర్సమ్మవు అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా చూపు బల్ల మీదికి దించుకునేదాన్ని.

పండుగ ముందు రోజు ఆ ముసలావిడ మళ్ళీ వచ్చి, తాను ఇంట్లో చిక్కగా కాచిన ఆపిల్ గుజ్జు సీసా ఒకటి నా చేతుల్లో పెట్టింది. వద్దన్నాను. "నీకు కాదు, నీ మంచితనానికి," అంది. తీసుకున్నాను.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎవరు ఇచ్చారో, ఏమని ఇచ్చారో చెప్పాను. నాన్న మూత తీశాడు. డెల్మర్ బాబాయ్ ఎడమ చేత్తో, సగం బల్ల మీద ఒలికిస్తూ, వేడి రొట్టె మీద గుజ్జు రాశాడు. చాలాసేపు పట్టింది. మేమిద్దరం సాయం చెయ్యబోలేదు. రాసింది తను తినకుండా పళ్ళెం నా ముందుకు తోశాడు.

"తిను," అన్నాడు. "చల్లారిపోతది."

తిన్నాను. వాళ్ళ మొహాల వైపు చూడకుండా తిన్నాను. వాళ్ళిద్దరూ అప్పటికే ఆ గుజ్జులో దాల్చినచెక్క ఎక్కువైందని, లేదు సరిపోయిందని పోట్లాడుకుంటున్నారు.